తెరిచి ఉంచిన కుళాయి

రిమార్కు గారు రిటైరై అప్పటికి ఎనిమిది నెలలైంది. ఉద్యోగమంతా ప్రభుత్వ భవనాల తనిఖీలోనే గడిచింది. ముప్పై నాలుగేళ్లలో స్వయంగా ఒక్క మేకు కొట్టిన పాపాన పోలేదు గానీ, ఇతరులు కొట్టిన మేకులు ఎంత వంకరగా ఉన్నాయో రాసి రాసి వేలు కాయ కాసింది. ఎవరు ఏ పని చేసినా దాని పక్కన ఒక రిమార్కు పడాల్సిందే. ఆఫీసులో గుమాస్తాలు చాటుగా పెట్టుకున్న ఆ పేరు ఆయనకు తెలుసు. తెలిసి కోప్పడకపోగా లోలోపల మురిసిపోయేవారు కూడా.

రిటైరైన మనిషికి రెండు నెలలు తిరక్కుండానే చేతులు దురద పెడతాయి. పేపరు చదవడం ఎనిమిదింటికల్లా అయిపోతుంది. ఆ తర్వాత భోజనం వేళ దాకా కళ్లెదురుగా ఇల్లే ఉంటుంది, ఇల్లన్నాక లోపాలుంటాయి. ఆయన ఒక పానా, ఒక పటకారు, రెండు స్క్రూడ్రైవర్లు కొన్నారు. ఒక గీతల పుస్తకం తెచ్చుకుని, ఆఫీసు అలవాటు కొద్దీ పేజీలన్నిటికీ నంబర్లు వేసి రంగంలోకి దిగారు. కిర్రుమంటున్న తలుపు బందులకు నూనె పోస్తే కిర్రుమనడం ఆగింది, తలుపు దానంతటదే మూసుకుపోవడం మొదలైంది. వంటింటి కుళాయి బొట్టు బొట్టుగా కారుతోందని వాషరు మారిస్తే బొట్లు పోయి ధార వచ్చింది. చలిగాలి దూరకుండా పడగ్గది కిటికీ సందుల్లో లప్పం దట్టించారు. ఆ కిటికీ మళ్లీ తెరుచుకుంటే ఒట్టు.

"మీరు బాగు చెయ్యనివన్నీ బాగానే ఉన్నాయండీ," అంది భార్య. ఆయన నవ్వి ఊరుకున్నారు. ఆవిడ మాత్రం నవ్వలేదు.

వాళ్లది పదకొండు ఇళ్ల వరస. ఒక గోడకు రెండిళ్లు ఆనుకుని ఉంటాయి. ఆ ఊళ్లో చలి రెండు నెలలే గానీ, ఆ రెండు నెలలూ పైపుల్లో నీళ్లు గడ్డకట్టేంత గట్టిగా ఉంటుంది. అందుకని చలి ముదరకముందే ప్రతి ఇంట్లోనూ బోలెడు పనులు. రజాయిలు ఎండలో వెయ్యాలి, చూరు గొట్టాల్లో ఆకులు తియ్యాలి, బయటి పైపులకు గోనెగుడ్డ చుట్టాలి. అన్నిటికంటే ముఖ్యంగా పెరటి కుళాయిలు ఆపాలి. ఈ చివరి పని పదకొండు ఇళ్లకూ చేసేది ఒక్కడే, ప్లంబరు. ఇరవై రెండేళ్లుగా అతనే.

అతని పద్ధతి ఒకటుంది. మెట్ల కింద ఉన్న వాల్వు మూసి, పెరట్లోకి వెళ్లి కుళాయి తిప్పి, పైపులో మిగిలిన నీళ్లన్నీ కారిపోయేదాకా నిలబడతాడు. తర్వాత ఆ కుళాయిని అలాగే తెరిచి ఉంచి, దాని మెడకు ఒక గుడ్డపీలిక కడతాడు. లోపల మూశాను, దీన్ని ఎవరూ ముట్టుకోవద్దు అని దాని అర్థం. వరసలో చిన్న పిల్లలకు కూడా ఆ సంగతి తెలుసు. తెలియనిది రిమార్కు గారొక్కరికే. పొద్దున ఎనిమిదింటికి వెళ్లి చీకటి పడ్డాక వచ్చే మనిషి, తన ఇంటి వెనక గోడకు ఏం వేలాడుతోందో ఇన్నేళ్లలో ఒక్కసారైనా తొంగిచూసిన పాపాన పోతే కదా.

ఆ ఏడు ప్లంబరు వచ్చి పని చేసి వెళ్లిన మర్నాడు ఆయన భార్య చెల్లెలింటికి నాలుగు రోజులుందామని వెళ్లింది. ఆ మధ్యాహ్నమే రజాయి తీసుకురావడానికి ఆయన పెరట్లోకి వెళ్లారు. కుళాయి బార్లా తెరిచి ఉంది. దానికో నీలం గళ్ల మురికి గుడ్డ. నీళ్లు మాత్రం రావడం లేదు.

ఆయనకు ప్రాణం లేచివచ్చింది. తప్పు దొరికిందంటే ఆయనకంతే. గబగబా మెట్ల కిందికి దూరి చూస్తే వాల్వు మూసి ఉంది. తిప్పారు. బయట నీళ్లు భళ్లున పడుతున్న చప్పుడు వినబడింది. పరుగున వెళ్లి కుళాయిని పటకారు పెట్టి మరీ బిగించారు. గుడ్డ విప్పి, ఎలాగూ చేతిలో ఉంది కదా అని కిటికీకి అంటిన లప్పం తుడిచి పారేశారు. తర్వాత పుస్తకం తీసి అరవై ఒకటో పేజీలో రాశారు: "ప్లంబరు వెనక కుళాయి తెరిచి వదిలివేసినాడు. గమనించకపోయిన ట్యాంకు ఖాళీ అయి ఉండేది. నిర్లక్ష్యం." నిర్లక్ష్యం కింద రెండు గీతలు గీసి, తృప్తిగా టీ పెట్టుకుని తాగారు. లోపలి వాల్వు తెరిచే ఉంది.

తొమ్మిది రోజుల తర్వాత చలి విరుచుకుపడింది. మెట్ల కింది నుంచి పెరటి కుళాయికి వెళ్లే పైపు, ఆయన ఇంటికీ పక్కింటికీ మధ్య గోడలోంచి వెళ్తుంది. అందులో నీళ్లు గడ్డకట్టి పైపు పగిలింది. పగిలిన సంగతి గడ్డ కరిగేదాకా ఎవరికీ తెలియలేదు. మర్నాడు పదింటికి ఎండ గోడ మీద పడ్డాక నీళ్లు పక్కింటి వెనక గదిలోకి దారి తీశాయి.

పక్కింట్లో ఉండేది కుట్టుపని చేసుకునే ఆవిడ. రిమార్కు గారిని అన్నయ్యగారూ అనీ, ఆయన భార్యను వదినా అనీ నోరారా పిలిచే మనిషి. ఒక బడి పిల్లల కోసం చలికోట్లు కుట్టి వెనక గదిలో నేల మీద వరసగా పేర్చి, గుండీల కోసం బజారుకు వెళ్లింది. తిరిగి వచ్చేసరికి ముదురు నీలం రంగు కారి, పక్కనున్న తెల్ల చొక్కాల దొంతరంతా పాడైంది. నలభై చలికోట్లూ నీళ్లలో తేలుతున్నాయి. ఆవిడ గుమ్మంలోనే చతికిలబడింది.

వరసంతా పోగైంది. నీళ్లు ఆపమని ఎవరో కేకేస్తే రిమార్కు గారు మెట్ల కిందికి వెళ్లి వాల్వు పట్టుకున్నారు. అది చేతిలో సాఫీగా తిరిగి మూసుకుంది. అంటే అప్పటిదాకా తెరిచే ఉందన్నమాట. ఎవరు తెరిచారో ఆయనకు ఆ క్షణాన గుర్తొచ్చింది.

ఇవతలికి వచ్చేసరికి అందరూ ఆయన ముఖమే చూస్తున్నారు. ఆ ఒక్క నిమిషంలో చెప్పి ఉంటే సరిపోయేది. "వాల్వు తెరిచే ఉంది," అన్నారాయన. అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. వరస బాగోగులు చూసే చివరింటాయన, అయితే ప్లంబరు మూయడం మరిచిపోయాడన్నమాట అని తేల్చేశాడు. మీరు ఇలాంటివి జన్మంతా చూసినవారు, ఎలా జరిగిందో ఒక కాగితం మీద రాసి పెట్టండి, ఎల్లుండి అందరం కూర్చుంటాం అన్నాడు.

రిమార్కు గారు రాశారు. "చలికాలమునకు ముందు లోపలి వాల్వు మూసి ఉండనందున పైపు పగిలినది. ఇది నిర్లక్ష్యముగా పరిగణింపదగును." ఎవరు మూయలేదో రాయలేదు. పేరు రాయకుండానే చదివిన ప్రతివాడికీ ఒకే మనిషి కనబడేలా రాయడం ఆయనకు వెన్నతో పెట్టిన విద్య. సంతకం పెట్టి కాగితం చివరింటాయనకు ఇచ్చారు.

ప్లంబరు ఆ సాయంత్రమే వచ్చాడు. కుట్టుపని ఆవిడ అతన్ని గుమ్మం బయటే నిలబెట్టి నోటికొచ్చినట్టు దులిపేసింది. కళ్లు కనబడకపోతే పని మానుకోమంది, ఇంకోళ్ల పొట్ట కొట్టొద్దంది. అతను తల వంచుకుని విన్నాడు. పక్కింటి వరండాలో నిలబడి రిమార్కు గారూ విన్నారు. ఒక్క అడుగు ముందుకు వేసి, మళ్లీ లోపలికి జారుకున్నారు.

గోడ పగలగొట్టి పైపు బయటికి తీశాక, ప్లంబరు చాలాసేపు ఆ చీలిక వైపు చూస్తూ కూర్చున్నాడు. వయసులో రిమార్కు గారికంటే రెండు మూడేళ్లు చిన్న. మోకాలి కింద మడతపెట్టిన గోనెపట్టా వేసుకుని కూర్చుంటాడు.

"ఇది నేను మూశాను సార్. గుడ్డ కూడా కట్టాను. మా ఆవిడ పాత చీరలోంచి చింపిన గుడ్డ, బాగా గుర్తుంది. ఎవరైనా ముట్టుకున్నారా?"

"అప్పుడు ఇంట్లో నేను తప్ప ఎవరున్నారయ్యా?" అన్నారు రిమార్కు గారు.

మాట కాస్త గట్టిగానే వచ్చింది. ప్లంబరు నొచ్చుకున్నాడు. పెద్దమనిషిని అనుమానించినట్టు మాట్లాడానని అనుకున్నాడు పాపం.

"మిమ్మల్నని కాదు సార్. గుడ్డ కనబడటం లేదు, వాల్వేమో తెరిచుంది. కట్టాననుకున్నాను, కట్టలేదన్నమాట." పానా కింద పెట్టి చేతులు తుడుచుకున్నాడు. "మా నాన్నకి కూడా ఈ వయసులోనే మొదలైంది. ముందు పని మర్చిపోయాడు. తర్వాత మమ్మల్ని మర్చిపోయాడు."

చెప్పాల్సింది అప్పుడే. నోరు తెరిచారు కూడా. "టీ తాగుతావా?" అన్నారు. ప్లంబరు వద్దన్నాడు. కొత్త పైపు వేసి, గోడ పూడ్చి, చెయ్యి కడుక్కోవడానికి వంటింట్లోకి వెళ్లినప్పుడు ధారగా కారుతున్న కుళాయిని చూసి, అడక్కుండానే వాషరు తీసి సరిగ్గా పెట్టి వెళ్లాడు. దాంతో రిమార్కు గారికి భూమి చీలితే అందులోకి పోదామనిపించింది.

వరస వాళ్లు కూర్చుని, ఇక మీదట వేరే మనిషిని చూసుకోవాలని తీర్మానించారు. ఆ మనిషి దొరకడం సంగతి అటుంచి, ప్లంబరే తనకు తానుగా రావడం మానేశాడు. పనులన్నీ వదిలేశాడట, పనిముట్లు అల్లుడికి ఇచ్చేస్తున్నాడట అని నాలుగు రోజులకు కబురు తెలిసింది. పాపం అతనికి బుర్ర పనిచేయడం లేదట అని కూడా కబురులో ఉంది. రిమార్కు గారికి అన్నం సహించలేదు. పేపరు తిరగేసి పట్టుకున్నా తెలిసేది కాదు. అరవై ఒకటో పేజీ చించేద్దామని రెండుసార్లు పుస్తకం తీశారు. చించితే నంబరు దగ్గర ఖాళీ తెలిసిపోతుందని రెండుసార్లూ మూసేశారు. వేలెత్తి చూపే అధికారి ఎవరూ లేని ఇంట్లో కూడా ఆయనకు ఆ భయం పోలేదు.

పైపు పగిలిన పన్నెండో రోజున ఆయన భార్య, గ్యాసు బండ ఎప్పుడు మార్చారో చూద్దామని ఆ పుస్తకం తిరగేసింది. ఆవిడ అరవలేదు. ఆయన భోజనానికి కూర్చున్నాక కంచం పక్కన పుస్తకం తెరిచి పెట్టింది.

"చెప్తారా, నేను వెళ్లి చెప్పనా?"

ఆయన తల ఎత్తలేదు. రేపు చెప్తానన్నారు. ఆ మధ్యాహ్నమంతా కూర్చుని సవరణ నివేదిక అని ఒకటి రాశారు. లోపలి వాల్వు తిరిగి తెరవబడినట్లు తదుపరి పరిశీలనలో తేలినది అని మొదలైంది అది. పది కాపీలు తీసి తలుపుల కింద నుంచి తోసి వద్దామని ఆలోచన. భార్య మొదటి వాక్యం చదివి కాగితం మడిచింది.

"ఎవరు తెరిచారో ఇందులోనూ లేదు. నోటితో చెప్పండి. ఇంతమందిని అన్నేళ్లు నిలబెట్టి అడిగారు కదా, ఒక్కసారి మీరు నిలబడండి."

మర్నాడు పొద్దున్నే పక్కింటి తలుపు కొట్టారు. కుట్టుపని ఆవిడ మిషను ఆపి, రండి అన్నయ్యగారూ అని కుర్చీ వేసింది. ఆయన కూర్చోలేదు. నేనే తెరిచానమ్మా, నేనే ఆ గుడ్డ విప్పేశాను, తెలిసి కూడా చెప్పలేదు అని మూడు ముక్కల్లో చెప్పారు. ఆవిడ చేతిలో ఉన్న కోటును మిషను మీద పెట్టింది.

"కోట్లు నేను మళ్లీ కుట్టుకుంటాను. అతన్ని గుమ్మం బయట నిలబెట్టి నానా మాటలూ అన్నాను. మీరు వరండాలో నిలబడి విన్నారు. నేను చూశాను మిమ్మల్ని, ఇన్‌స్పెక్టరుగారూ."

అన్నయ్యగారు అనే పిలుపు అక్కడితో పోయింది. ఆయన ఆ మూడు ముక్కలే పట్టుకుని మిగతా ఇళ్లన్నీ ఎక్కి దిగారు. కొందరు అయ్యో పర్లేదులెండి అన్నారు, అది మరీ కష్టంగా ఉంది. చివరింటాయన, ఈ సంగతి మన మధ్యే ఉంచుకుందాం, మీ పరువు కూడా చూడాలి కదా అన్నాడు. పన్నెండు రోజులు తాను చేసిన పనే మరొకరి నోట్లోంచి వింటుంటే రిమార్కు గారికి వెగటు పుట్టింది. వద్దు, అందరికీ చెప్పండి అని వచ్చేశారు.

ప్లంబరు ఇల్లు రెండు వీధుల అవతల. ఇరవై రెండేళ్లలో ఆయన అటు వెళ్లింది అదే మొదటిసారి. ఒకే గది, పక్కన వంట. నేల మీద పరిచిన గుడ్డ మీద పనిముట్లన్నీ వరసగా ఉన్నాయి. ప్లంబరు ఒక్కొక్కటీ నూనె రాసి సంచిలో పెడుతున్నాడు. భార్య పక్కనే కూర్చుని, ఏది పెట్టాడో పైకి చెబుతోంది. సార్ అని అతను లేవబోతే రిమార్కు గారు వద్దని వారించి, తనే నేల మీద కూర్చున్నారు. ఎప్పుడూ నువ్వు అనే మనిషికి ఆ రోజు నువ్వు అనే మాట రాలేదు.

"మీరు మూశారు. గుడ్డ కట్టారు. అది నీలం గళ్ల గుడ్డ. నేను విప్పాను, లోపల వాల్వు నేను తెరిచాను. మీరు అడిగిన రోజున కూడా నాకు తెలుసు."

ప్లంబరు భార్య పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పది రోజులుగా ఈయన్ని ఒంటరిగా వీధిలోకి పంపడం లేదండీ, పొయ్యి దగ్గరికి వెళ్లినా వెనకాలే వెళ్తున్నాను అంది. తిట్టలేదు. తిట్టి ఉంటే ఆయనకు కాస్త తేలికగా ఉండేది.

ప్లంబరు మాత్రం కోపం లేకుండా, పనిలో కొలత అడిగినట్టు అడిగాడు. "ఆ రోజు మీ ఇంట్లో నేను ముందు బయటికి వెళ్లానా, మెట్ల కిందికి వెళ్లానా?"

"తెలీదు. నేను పేపరు చదువుకుంటున్నాను."

"వంటింటి పైపు కూడా చూశానా?"

"తెలీదండీ. నేను చూడలేదు."

ప్లంబరు తల ఊపాడు. నూనె గుడ్డ మడత పెట్టి పక్కన పెట్టాడు. "మొదట్లో నాకు అంతా గుర్తుండేది సార్. నిలబడ్డ చోటు కూడా గుర్తుండేది. ఇన్ని రోజులూ కట్టలేదు, కట్టలేదు అనుకుని అనుకుని, ఇప్పుడు మీరు కట్టానంటే నమ్ముతాను గానీ, కట్టినట్టు నాకు గుర్తు రావడం లేదు."

రిమార్కు గారు ఏడ్చారు. అరవై దాటిన మనిషి పరాయి ఇంట్లో నేల మీద కూర్చుని ఏడవడం చూసి ప్లంబరు భార్యే మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది.

కాస్త తగ్గిన చలి మళ్లీ ముదిరేలోగా అన్ని ఇళ్లలోనూ ఒకసారి చూసి వెళ్లమని వరసంతా ప్లంబరును బతిమాలుకుంది. కుట్టుపని ఆవిడ స్వయంగా వెళ్లి క్షమించమని అడిగి వచ్చింది. అతను వస్తానన్నాడు గానీ ఒక షరతు పెట్టాడు. రిమార్కు గారు పక్కన నిలబడాలి. ఊరికే నిలబడితే చాలదు, చూడాలి.

ఆదివారం పొద్దున్న మొదటి ఇంట్లో మెట్ల కింద ఇద్దరూ వంగి దూరారు. ప్లంబరు ముందే మూసి ఉన్న వాల్వును కాస్త వదులు చేసి, మళ్లీ కుడివైపుకు తిప్పి, బిగిసేదాకా తిప్పి, చెయ్యి తీశాడు. తర్వాత వెనక్కి తిరిగి చూశాడు.

"మూశాను కదా సార్?"

"మూశారు," అన్నారు రిమార్కు గారు.

ప్లంబరు మళ్లీ చెయ్యి వేసి, అది కదలడం లేదని చూసుకుని, బయటికి వచ్చి, మూశాను కదా అని మళ్లీ అడిగాడు. మూశారని ఆయన మళ్లీ చెప్పారు. ఇరవై రెండేళ్లలో ఎవర్నీ ఏమీ అడగని మనిషి రెండో ఇంట్లోనూ అడిగాడు, మూడో ఇంట్లోనూ అడిగాడు. సాయంత్రానికి పదకొండో ఇంటికి చేరారు. అక్కడ కూడా అడిగాడు.